రంగు మారకపోతే సీసం లేనట్టేనా?

పర్లాకిమిడిలో మా వీధి చివర ఇడ్లీల దుకాణం నడిపే ఆవిడకు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఒక పొట్లం పంపించాడు. నీటిలో ముంచి తీస్తే రంగు మారి, అందులో ఏయే లోహాలున్నాయో చెప్పే కాగితపు పట్టీలు ఆ పొట్లంలో ఉన్నాయి. ఆవిడ తన బోరు నీటిలో ఒక పట్టీ ముంచి, డబ్బా మీది రంగుల గడులతో పోల్చి చూసుకుని, తడి ఆరకముందే దాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "రంగు మారనేదు మాస్టారూ, సీసం నేనట్టేనా?" అని అడిగింది. చాలా ఏళ్లుగా కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతున్నవాణ్ణి. అయినా అవుననలేకపోయాను, కాదనీ అనలేకపోయాను. పట్టీ అబద్ధం చెప్పలేదు. ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటి, పట్టీ జవాబిచ్చిన ప్రశ్న ఇంకొకటి. నీటిలోని విషలోహాలను పట్టే రసాయన సెన్సర్లను అర్థం చేసుకోవడమంటే ఈ రెండు ప్రశ్నల మధ్య ఎంత దూరం ఉందో తెలుసుకోవడమేనని నా అభిప్రాయం.

పట్టీకి ముందు కరక్కాయ సంగతి చెప్పాలి. కొండల నుంచి సవరలు సంతకు తెచ్చే కరక్కాయలను మా వైపు దగ్గుకూ అజీర్తికీ వాడతారు. వెనకటి రోజుల్లో కరక్కాయ కషాయంలో అన్నభేది వేసి సిరా కాచుకునేవారు. అన్నభేది ఇనుము లవణం. కరక్కాయ వగరుకు కారణమైన టానిన్లు ఇనుముతో కలిస్తే నల్లటి పదార్థం ఏర్పడుతుంది. దీన్నే తిరగేస్తే పరీక్ష అవుతుంది: నీటిలో ఇనుము ఉందో లేదో తెలియనప్పుడు నాలుగు చుక్కల కషాయం వేసి చూడవచ్చు. మా పెరటి బోరు నీరు తోడినప్పుడు తేటగానే ఉంటుంది గానీ సాయంత్రానికి బకెట్టు అడుగున తుప్పు రంగు పేరుకుంటుంది. అప్పుడే తోడిన ఆ నీటిని గాజు గ్లాసులో పట్టి కషాయం వేస్తే, గాలి తగులుతున్న కొద్దీ వంకాయ రంగుకూ ఆపైన సిరా నలుపుకూ తిరుగుతుంది. బోరు నీటితో పెట్టిన టీ నల్లగా వస్తుందని ఇల్లాళ్లు విసుక్కోవడం వెనక ఉన్నదీ ఇదే. తేయాకులోనూ టానిన్లే ఉంటాయి. రాగి లవణంలో కలిపిన ఇనుము లవణపు కల్తీని మాచికాయ రసంలో నానబెట్టిన పపైరస్‌తో పట్టవచ్చని రోమన్ పండితుడు ప్లినీ 1వ శతాబ్దంలోనే రాశాడు. అంటే లోహాన్ని రంగుతో చూపించే కాగితం కొత్త సరుకేమీ కాదు.

ఇప్పుడు ఆ నల్లబడిన గ్లాసులో అర చెక్క నిమ్మకాయ పిండి కలిపితే, చూస్తుండగానే నలుపు విరిగి నీరు లేత పసుపు రంగుకు వస్తుంది. బట్ట మీది సిరా మరకకు నిమ్మచెక్క రుద్దినవారికి ఇది తెలిసిన విషయమే. కానీ గ్లాసులోని ఇనుము రవ్వంత కూడా తగ్గలేదు. తాగితే అంతా కడుపులోకే పోతుంది. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఇనుమును తానే గట్టిగా పట్టుకుని టానిన్ చేతికి చిక్కనివ్వలేదు, పులుపు వల్ల టానిన్ పట్టు కూడా సడలింది. ముందు జరిగింది తెలియకుండా ఈ గ్లాసును మాత్రమే చూసినవాడు 'ఇందులో ఇనుము లేదు' అనే రాసుకుంటాడు. కరక్కాయ చెప్పగలిగింది ఒక్కటే: తన చేతికి అందేలా, తన రంగు నిలిచే పరిస్థితిలో ఉన్న ఇనుము ఇక్కడ ఉందా అని. ఎంత ఆధునికమైన సెన్సరైనా ఇంతకు మించిన ప్రశ్నకు జవాబు చెప్పదు.

సీసం విషయంలో ఈ తికమక మరింత పెరుగుతుంది, ఎందుకంటే వెతకవలసింది అతి స్వల్పం. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము, అంటే 10 మైక్రోగ్రాములు మించకూడదు. కాడ్మియానికి ఆ హద్దు 3 మైక్రోగ్రాములు, పాదరసానికి 1 మైక్రోగ్రాము. డాబాల మీద కనిపించే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులో 10 మిల్లీగ్రాముల సీసం కరిగితే హద్దుకు చేరినట్టే. సన్నబియ్యపు గింజ ఒకటి సుమారుగా అంతే తూగుతుంది. పాదరసమైతే ఆ గింజలో పదో వంతు చాలు. అదే ట్యాంకులో కాల్షియం 75 గ్రాముల దాకా ఉన్నా ప్రమాణం ప్రకారం ఆమోదయోగ్యమే. బరువులను వదిలి అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులను, లెక్కపెడితే ఒక్క సీసం అయానుకు దాదాపు 39 వేల కాల్షియం అయాన్లు వస్తాయి. 2011 జనగణనలో మా పట్టణ జనాభా 46 వేల పైచిలుకు. ఊరంతటిలో ఒక్క మనిషిని, అదీ మిగతావారిలాంటి దుస్తులే వేసుకున్నవాణ్ణి, వేలెత్తి చూపించమన్నట్టు ఉంటుంది సెన్సర్ పని. మెగ్నీషియం, సోడియం, ఇనుము, జింకు ఈ లెక్కలోకి ఇంకా రానేలేదు.

సెన్సర్‌లోని అణువు చేయవలసిన పనులు రెండు: కావలసిన అయానును పట్టుకోవడం, పట్టుకున్నట్టు బయటికి తెలియజేయడం. కరక్కాయ టానిన్‌లో ఈ రెండు పనులూ ఒకే చోట జరుగుతాయి. ఇప్పటి అణువుల్లో పట్టే భాగాన్నీ చెప్పే భాగాన్నీ విడివిడిగా రూపొందించి అతికిస్తారు. చెప్పే భాగం చేసే తమాషాలు చూడముచ్చటగా ఉంటాయి గనుక పత్రికల్లో వాటికే ఎక్కువ చోటు దొరుకుతుంది. అసలు కష్టం మాత్రం పట్టే భాగంలోనే ఉంది. సీసాన్ని పట్టే అణువులు వందల్లో ఉన్నాయి. సీసాన్ని పట్టి తక్కినవాటిని వదిలిపెట్టేవి అరుదు.

పట్టు విషయంలో మొదట తట్టే ఉపాయం కొలత. అయాను పరిమాణానికి సరిపోయే గుంత ఉన్న అణువును తయారుచేస్తే చిన్నవి అందులో నిలవవు, పెద్దవి పట్టవు. 1967లో ఛార్లెస్ పెడర్సన్ ప్రకటించిన క్రౌన్ ఈథర్లు ఇలాంటి ఉంగరాలే. ఆరు ఆక్సిజన్ పరమాణువులతో కిరీటంలా ఉండే ఒక ఉంగరంలో పొటాషియం అయాను చక్కగా ఇమిడిపోతుంది. వేరే పదార్థం కోసం ప్రయత్నిస్తుండగా కొద్దిపాటి మలినంగా దొరికిన తెల్లటి స్ఫటికాలను పారేయకుండా పరిశీలించినందుకు ఆయనకు ఈ సంగతి తెలిసింది. 1987లో డోనాల్డ్ క్రామ్, ఝాఁ-మరీ లేన్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అయితే కొలత ఒక్కటే చాలదు. కాల్షియం అయాను వ్యాసార్ధం సుమారు 100 పికోమీటర్లు, కాడ్మియం అయానుది 95. ఈ రెంటినీ గుంత కొలతతో వేరుచేయడం దాదాపు అసాధ్యం. మన ఒంటికీ ఈ తేడా సరిగా తెలియదు. కాల్షియం కోసం తెరిచిన దారుల్లోంచే కాడ్మియం, సీసం కూడా జొరబడతాయి. సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి నిలవ ఉండిపోవడానికి కారణం ఈ పోలికే.

రెండో ఉపాయం స్వభావాన్ని పట్టి చూడడం. 1963లో రాల్ఫ్ పియర్సన్ అయాన్లనూ వాటిని పట్టుకునే పరమాణువులనూ 'కఠినం', 'మృదువు' అని విడదీశాడు. కాల్షియం లాంటి కఠిన అయాను ఎలక్ట్రాన్లను బిగించి ఉంచుకునే ఆక్సిజన్ వైపు మొగ్గుతుంది. పాదరసం మృదువైనది, దాని చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ మేఘం తేలిగ్గా సాగుతుంది గనుక అలాంటి మేఘమే ఉన్న గంధకాన్ని కోరుకుంటుంది. కాడ్మియం కూడా మృదువుల వైపే. సీసం ఇటూ అటూ కాని మధ్యస్థం, అందుకే దానితో చిక్కు ఎక్కువ. గంధకం, హైడ్రోజన్ జంటగా ఉన్న పదార్థాలకు రసాయనశాస్త్రంలో 'మెర్కాప్టన్' అనే పాత పేరుంది. పాదరసాన్ని పట్టేది అని లాటిన్‌లో దాని అర్థం. పేరులోనే సెన్సర్ సూత్రం ఉంది. పాదరసానికి రూపొందించిన సెన్సర్ అణువుల్లో చాలావాటిలో ఎక్కడో ఒక చోట గంధకం కనిపిస్తుంది.

ఇక్కడ కాస్త ఆగి చూడవలసిన సంగతి ఒకటుంది. మన ఒంట్లోని ప్రోటీన్లలో కూడా గంధకం ఉన్న సిస్టీన్ అనే భాగాలుంటాయి, పాదరసం విషమయ్యేది వాటిని పట్టుకోవడం వల్లనే. సెన్సర్‌కు పనికొచ్చే పట్టు, విషానికి మూలమైన పట్టు, విరుగుడు మందులోని పట్టు మూడూ ఒకటే రసాయనం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆర్సెనిక్ ఉన్న విషవాయువుకు విరుగుడుగా బ్రిటన్‌లో కనిపెట్టిన డైమెర్కాప్రోల్‌లో రెండు గంధకాలు పక్కపక్కన ఉంటాయి. సీసం ఒంట్లో చేరినవారికి ఇచ్చే ఈడీటీఏ మందును ముందుగానే కాల్షియంతో నింపి ఇస్తారు. నింపకపోతే అది రక్తంలోని కాల్షియాన్నే ఊడ్చుకుపోతుంది. ఎంపిక లేని పట్టు ఎంత ప్రమాదమో ఈ ఒక్క జాగ్రత్త చూపిస్తుంది.

కొలత, స్వభావం రెండూ కలిసినా ఎంపిక పూర్తి కాదు. మిగిలిన పని అణువు చుట్టూ ఉన్న ఏర్పాట్లు చేస్తాయి. సీసాన్ని డైథైజోన్ అనే ఆకుపచ్చ రంగు పదార్థంతో ఎర్రగా మార్చి పట్టడం పాత పద్ధతి. డైథైజోన్ రాగినీ, జింకునూ, పాదరసాన్నీ కూడా పట్టుకుంటుంది. అందుకని అమోనియా కలిపిన క్షార ద్రావణంలో సయనైడ్ వేసేవారు. అది రాగి, జింకు వంటివాటిని బిగించి పట్టుకుని, సీసాన్ని మాత్రం డైథైజోన్‌కు వదిలేసేది. ఒక విషాన్ని వెతకడానికి అంతకు మించిన విషాన్ని వాడవలసి రావడం ప్రయోగశాలల్లో తప్పనిసరి వింత. రసాయనశాస్త్రంలో దీన్ని ముసుగు వేయడం అంటారు. మన గ్లాసులో నిమ్మరసం చేసిందీ ముసుగు వేయడమే; కాకపోతే డైథైజోన్ పద్ధతిలో అక్కరలేనివాటికి ముసుగు పడింది, ఇక్కడ వెతుకుతున్నదానికే పడింది. చెరువు నీటిలో కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ ఆమ్లాలు నిమ్మరసం లాగానే ఎవరూ పిండకుండానే ముసుగు వేస్తాయి.

చెప్పే భాగంలో నాకు ఇష్టమైనది వెలుగుతో చెప్పే పద్ధతి. కొన్ని అణువుల మీద అతినీలలోహిత కాంతి పడితే అందులోని ఒక ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగురుతుంది. కిందికి దిగేటప్పుడు ఆ శక్తిని కంటికి కనిపించే వెలుగుగా వదులుతుంది. దీన్ని ప్రతిదీప్తి అంటారు. శ్రీలంకలో పుట్టి బెల్‌ఫాస్ట్‌లో పనిచేసిన ప్రసన్న డి సిల్వా వంటివారు ఈ వెలుగుకు ఒక మీట అమర్చారు. వెలిగే భాగం పక్కన నైట్రోజన్ ఉన్న పట్టే భాగాన్ని అతికిస్తే, ఎలక్ట్రాన్ ఎగరగానే కింద ఏర్పడిన ఖాళీలోకి నైట్రోజన్ తన ఎలక్ట్రానును దూకిస్తుంది. పైకెగిరిన ఎలక్ట్రాన్‌కు తిరిగి దిగే చోటు లేకుండా పోయి, వెలుగు రాదు. లోహ అయాను వచ్చి నైట్రోజన్ ఎలక్ట్రాన్ల జంటను తన వైపు లాక్కున్నప్పుడు దూకడం ఆగిపోయి అణువు వెలుగుతుంది. లోహం లేకపోతే చీకటి, ఉంటే దీపం. చీకట్లో దీపం కనిపించడం తేలిక గనుక అతి స్వల్పమైన పరిమాణాలు కూడా దీనికి అందుతాయి.

కథ ఇంత సాఫీగా సాగేది జింకు లాంటి సాధు లోహాలతోనే. పాదరసం, సీసం బరువైన పరమాణువులు కావడం వల్లా, రాగికి జత లేని ఎలక్ట్రాన్ ఉండడం వల్లా ఇవి దగ్గరికి రాగానే ప్రతిదీప్తిని ఆర్పేస్తాయి. దీపం ఆరితే విషం ఉన్నట్టు అనుకోవచ్చు కదా అని అడగవచ్చు. దీపం ఆరడానికి కారణాలు సవాలక్ష: రంగు పాడైపోవచ్చు, నీరు మురికిగా ఉండవచ్చు, ఇంకేదో లోహం ఆర్పి ఉండవచ్చు. దీన్ని తప్పించడానికి దొరికిన దారుల్లో ఒకటి రోడమైన్ రంగులది. పీచుమిఠాయిలో కలుపుతున్నారని 2024లో తమిళనాడు, పుదుచ్చేరిలలో అలజడి రేపిన గులాబీ రంగు ఈ కుటుంబానిదే. రోడమైన్ అణువులో ఒక ఉంగరాన్ని మూసేస్తే రంగూ వెలుగూ రెండూ పోతాయి. లోహం వచ్చి ఆ ఉంగరాన్ని తెరిచినప్పుడు రంగు లేని ద్రావణం గులాబీ రంగుకు తిరుగుతుంది. 1997లో ఆంథనీ జార్నిక్ బృందం రాగిని ఇలాగే పట్టింది. ఆ తరవాత పాదరసానికీ ఇదే దారిలో అణువులు వచ్చాయి. వీటిలో కొన్నింటిలో రసాయన చర్య వెనక్కి తిరగదు, అంటే ఆ అణువు ఒక్కసారికే పనికొస్తుంది. కాగితపు పట్టీకి అది లోపం కాదు. నదిలో పెట్టి రోజూ చూడవలసిన పరికరానికి పెద్ద లోపం.

బంగారు నలుసుల పద్ధతి అందంలో దీనికి తీసిపోదు. బంగారాన్ని పదమూడు నానోమీటర్ల నలుసులుగా నీటిలో నిలిపితే ఆ నీరు ఎర్రగా కనిపిస్తుంది; నలుసులు గుంపు కడితే నీలానికి తిరుగుతుంది. నలుసులకు డీఎన్ఏ పోగులు తగిలించి, వాటిలోని థైమిన్ అనే భాగాలు రెండింటి మధ్య పాదరసం అయాను వంతెనలా కూర్చునే గుణాన్ని వాడుకుని పాదరసాన్ని కనిపెట్టవచ్చు. సీసం ఉంటేనే తెగే డీఎన్ఏ పోగును 2000లో యీ లూ బృందం సెన్సర్‌గా మార్చింది. అయితే ఉప్పు ఎక్కువైతే ఏ లోహం లేకపోయినా బంగారు నలుసులు గుంపు కడతాయి. గోపాలపురం తీరంలో ఉప్పుటూట ఉన్న బావి నీటికి ఈ పద్ధతిని నేరుగా వాడితే, విషం లేని నీటిలో కూడా నీలం కనిపించే అవకాశం ఉంది.

రంగుల మాట పక్కన పెడితే, నా లెక్కలో నమ్మకస్తులు విద్యుత్తు పద్ధతులు. అయానును ఎంచుకునే పొర ఉన్న ఎలక్ట్రోడ్ నీటిలో పెడితే పొరకు అటూ ఇటూ వోల్టేజి ఏర్పడుతుంది. సీసం లాంటి రెండు ఆవేశాల అయానుకు, 25 డిగ్రీల దగ్గర, గాఢత పదింతలైతే వోల్టేజి 29.6 మిల్లీవోల్టులే మారుతుంది. ఒక్క మిల్లీవోల్టు తప్పు చదివితే జవాబులో 8 శాతం తేడా వచ్చేస్తుందన్నమాట. అంతకంటే సున్నితమైనది స్ట్రిప్పింగ్ పద్ధతి. దీనికి పునాది వేసిన పోలరోగ్రఫీ అనే విద్యుత్ పద్ధతిని 1922లో యారొస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ కనిపెట్టాడు, 1959లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. దీని కిటుకు ఓపిక. ఎలక్ట్రోడ్‌కు ఋణ వోల్టేజి ఇచ్చి నిమిషాల కొద్దీ నీటిని తిప్పుతూ ఉంటే అందులోని లోహ అయాన్లు ఒక్కొక్కటే వచ్చి ఎలక్ట్రోడ్ మీద లోహంగా పేరుకుంటాయి. తరవాత వోల్టేజిని మెల్లగా పెంచితే ముందు జింకు, ఆ వెనక కాడ్మియం, తరవాత సీసం, చివరికి రాగి వరసగా కరిగిపోతూ ఒక్కొక్కటీ ఒక్కొక్క విద్యుత్ శిఖరాన్ని గీస్తాయి. నీటిలో చెల్లాచెదురుగా ఉన్నదాన్ని ముందు ఒక చోట పోగుచేసి, తరవాత లెక్కపెట్టడం వల్ల లీటరుకు ఒక మైక్రోగ్రాముకు లోపున్నవి కూడా దీనికి అందుతాయి. చాలాకాలం ఈ ఎలక్ట్రోడ్లను పాదరసంతోనే చేసేవారు, అంటే సీసాన్ని వెతకడానికి పాదరసాన్ని చేతపట్టుకోవలసి వచ్చేది. 2000లో జోసెఫ్ వాంగ్ బృందం బిస్మత్ పూతతో పని జరుగుతుందని చూపించాక ఆ బెడద తగ్గింది.

ఆర్సెనిక్, క్రోమియం ఈ వరసలో ఒదగవు. నీటిలో అవి సాధారణంగా ఆక్సిజన్‌తో కూడిన రూపాల్లో, చాలాసార్లు ఋణావేశంతో ఉంటాయి. ధన అయాను కోసం తవ్విన గుంతకు అవి రావు. ఆర్సెనేట్ రూపం ఎరువుల్లోని ఫాస్ఫేట్‌ను పోలి ఉండడం మరో ఇబ్బంది. అందుకే ఆర్సెనిక్‌ను జింకు, ఆమ్లాలతో వాయువుగా మార్చి, ఆ వాయువు తగిలిన మెర్క్యూరిక్ బ్రోమైడ్ కాగితం పసుపు నుంచి గోధుమ రంగుకు తిరగడాన్ని చూస్తారు. ఆ వాయువు ప్రాణాంతకం, ఆరుబయటే చేయాలి. క్రోమియంలో విషం ఎక్కువగా ఉన్నది ఆరు ఆవేశాల రూపం. డైఫినైల్‌కార్బజైడ్ దాన్ని మాత్రమే ఊదా రంగుగా చూపిస్తుంది, మూడు ఆవేశాల రూపాన్ని పట్టించుకోదు. క్రోమైట్ గనులున్న జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయలో అడగవలసిన ప్రశ్న సరిగ్గా ఆ రూపం గురించే కాబట్టి, అక్కడ ఈ ఇరుకు చూపు గుణమే అవుతుంది.

పాదరసంలో సంగతి తలకిందులు. గంజాం ఊరి దగ్గర రుషికుల్య సముద్రంలో కలిసేచోట ఒకప్పుడు పాదరసపు సెల్‌లతో కాస్టిక్ సోడా తయారైంది. ఆ నదీముఖంలోని పాదరసం మీద బరంపురం పరిశోధకులు పనిచేశారు. బురదలోని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి, చేపల్లో పేరుకునేది ఆ రూపమే. 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడిన జబ్బుకు కారణమూ అదే. మామూలు పాదరసం అయానుకు చక్కగా వెలిగే సెన్సర్ల ముందు మిథైల్ పాదరసాన్ని పెడితే వాటిలో చాలావాటికి అది కనిపించదు. నీటిని పరీక్షించి ఏమీ లేదని తేల్చుకున్న చోట చేప కూర తినడం క్షేమమని అనుకోలేం.

సెన్సర్ చూసేది ఆ క్షణంలో స్వేచ్ఛగా ఉన్న అయాన్లను. పెద్ద ప్రయోగశాలలోని పరికరాలు అలా చూడవు. 1955లో అలన్ వాల్ష్ ప్రతిపాదించిన అటామిక్ అబ్సార్ప్షన్ పద్ధతి గానీ, వేల డిగ్రీల ప్లాస్మా వాడే ఐసీపీ-ఎంఎస్ గానీ నమూనాను మంటపాలు చేసి, సిట్రేటూ హ్యూమిక్ ఆమ్లమూ అన్నీ చిన్నాభిన్నమయ్యాక మిగిలిన పరమాణువులను లెక్కిస్తాయి. నిమ్మరసం పిండిన గ్లాసులోనూ వాటికి ఇనుము కనిపిస్తుంది. అయితే వాటి జవాబూ సీసాలోకి వచ్చిన నీటి వరకే. నేనొకసారి మా నూతి నీటిని విశాఖలోని ఒక ప్రయోగశాలకు పంపితే సీసం హద్దు దాటినట్టు చీటీ వచ్చింది. వారం రోజులు నిద్ర పట్టలేదు. తీరా చూస్తే నేను నీరు పట్టింది తెల్లవారుజామున, రాత్రంతా కదలకుండా నిలిచిన ఇత్తడి కొళాయి నుంచి. ఇత్తడిలో కొద్దిగా సీసం కలుపుతారు, నిలవ నీటిలోకి అది దిగుతుంది. అయిదు నిమిషాలు నీరు వదిలేసి పట్టిన రెండో నమూనాలో సీసం హద్దు లోపలే ఉంది. దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది: నమూనా సీసాలో నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్‌ను (తగ్గేకొద్దీ పులుపు పెరిగే కొలత) రెండుకు లోపు దించకపోతే, దారిలో సీసం సీసా గోడలకు అంటుకుపోయి, నీటిలో లేనట్టు చీటీ వస్తుంది.

ఇక ఆవిడ పట్టీ దగ్గరికి వద్దాం. డబ్బా మీద సీసానికి గీసిన గడులు వరసగా సున్నా, 20, 50, 100 మైక్రోగ్రాములు. మన హద్దు 10. అది మొదటి రెండు గడుల మధ్య ఖాళీలో పడింది. అక్కడి తేడా మామూలు కంటికి, అందులోనూ ట్యూబ్‌లైటు వెలుతురులో, తెలియదు. పరిశోధన పత్రాల్లో కనిపించే అతి తక్కువ హద్దులకూ ఒక మెలిక ఉంది. లోహం లేని ఖాళీ ద్రావణాన్ని పదే పదే కొలిచినప్పుడు వచ్చే ఊగిసలాటకు మూడింతల సంకేతం ఇచ్చే గాఢతను 'పట్టగలిగే హద్దు' అంటారు. ఆ కొలతలు చాలావరకు శుద్ధమైన నీటిలోనో, సగం అసిటోనైట్రైల్ అనే ద్రావకం కలిపిన ద్రావణంలోనో, పీహెచ్ కట్టుదిట్టం చేసిన స్థితిలోనో తీస్తారు. పదిరకాల లోహాలను ఒక్కొక్కటిగా కలిపి చూసి ఎంపిక బాగుందని రాసిన పత్రాల కంటే, అన్నీ కలిసి ఉన్న ఒక్క బావి నీటిలో పరీక్షించిన పత్రాన్ని నేను ఎక్కువగా నమ్ముతాను. అలాగని పట్టీని తీసిపారేయను. వంద ఇళ్లలో ముంచి, రంగు మారిన నాలుగింటిని ముందుగా ప్రయోగశాలకు పంపడానికి అంత చవకైన సాధనం ఇంకొకటి లేదు. రంగు మారిన పట్టీ ఆ నీటిని వెంటనే చూడమంటోంది. మారని పట్టీ ఏమంటోందో తెలుసుకోవడానికి దాన్నే ఇంకొక ప్రశ్న అడగాలి.

ఆవిడ ఎదురుగా బల్ల మీద రెండు గ్లాసులు పెట్టాను. ఒకదానిలో మునిసిపాలిటీ కొళాయి నీరు, రెండోదానిలో నిమ్మరసం పిండిన మా బోరు నీరు. రెండింటిలోనూ కరక్కాయ కషాయం వేసే ఉంది, రెండూ లేత పసుపుగానే ఉన్నాయి. రెండింటిలోనూ ఆవగింజంత అన్నభేది వేసి కలిపాను. మొదటి గ్లాసు కొద్దిసేపట్లో నల్లబడింది. రెండోది పసుపుగానే ఉండిపోయింది. మొదటి గ్లాసు ఇందాక 'లేదు' అన్నప్పుడు నమ్మవచ్చు, ఎందుకంటే ఉన్నప్పుడు ఉందని చెప్పగలదని ఇప్పుడు తేలింది. రెండోదానికి చూపే లేదు. ప్రయోగశాలల్లో తెలిసిన మోతాదు కలిపి తిరిగి ఎంత కనిపిస్తుందో చూడడమనే పద్ధతికి ఇది వంటింటి రూపం.

ఆవిడ రెండు గ్లాసులనూ మార్చి మార్చి చూసి, "అయితే మా పట్టీ ఏ గలాసులోది మాస్టారూ?" అంది.

దానికి జవాబు కరక్కాయ దగ్గర లేదు. మరునాడు కళాశాల ప్రయోగశాలలో ఆవిడ బోరు నీటిని ఒక లీటరు తీసుకుని, 50 మైక్రోగ్రాముల సీసం కలిసేలా సీసం నైట్రేట్ ద్రావణాన్ని పిపెట్‌తో వేసి, అదే పొట్లంలోంచి కొత్త పట్టీ ముంచాను. చెప్పిన సమయం ఆగి చూస్తే రంగు 20 గడి దగ్గరే నిలిచిపోయింది. అదే ద్రావణాన్ని స్వేదనజలంలో వేసి ముంచిన పట్టీ 50 గడికి చేరింది. సాయంత్రం ఆవిడ, అయిదు నిమిషాలు మోటారు వదిలేశాక పట్టిన నీటితో ప్లాస్టిక్ సీసా తెచ్చింది. అందులో నైట్రిక్ ఆమ్లం వేసి, మూతకు టేపు చుట్టి, సీసా మీద తేదీ, పట్టిన సమయం రాసి విశాఖ బస్సులో పంపించాం.